తెర మీద మూడింట ఒకటి

షార్క్ ట్యాంక్ ఇండియా మొదటి సీజన్ 2021 డిసెంబరు 20న సోనీ టీవీలో మొదలైంది. దానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు 62 వేల మంది. స్టూడియో దాకా వెళ్లి పెట్టుబడిదారుల ముందు నిలబడగలిగినవి 198 వ్యాపారాలు. వాటిలో 67కి బేరం కుదిరింది. ఈ మూడు అంకెలూ ఎవరూ దాచిపెట్టినవి కావు. పక్కపక్కన పెట్టి చూసేవాళ్లే తక్కువ. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లకు మూడు వ్యాపారాలు కనబడితే అందులో ఒకదానికి డబ్బు దొరుకుతోంది. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల వైపు నుంచి లెక్క వేస్తే దాదాపు 925 మందిలో ఒక్కరికి దొరికింది.

మొదటి నిష్పత్తి వారాల తరబడి రాత్రిపూట కళ్ల ముందు ఆడుతుంది. రెండోది ఎప్పుడో ఒక పత్రికా ప్రకటనలో ఒక వాక్యమై వచ్చి పోతుంది. అమెరికాలో జార్జ్ గెర్బ్నర్ అనే ఆచార్యుడు 1970ల నుంచి ఈ సంగతే పరిశీలించాడు. టీవీ బాగా ఎక్కువగా చూసేవాళ్లు బయటి లోకంలో హింస ఉన్నదానికన్నా ఎక్కువగా ఉందని అంచనా వేసుకుంటారని ఆయన బృందం చెప్పింది. ఇక్కడ హింస బదులు పెట్టుబడి.

టీవీ చూసి బతుకులు మార్చుకునేవాళ్లు ఎవరండీ అని తేలిగ్గా తీసేసేవాళ్లు ఉన్నారు. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మన దేశంలోనే ఈ ప్రశ్నకు జవాబు వెతికి 2009లో ప్రచురించారు. తమిళనాడు, బీహార్, హర్యానా వంటి రాష్ట్రాల పల్లెల్లో కేబుల్ కనెక్షన్ రాకముందు, వచ్చాక ఆడవాళ్ల అభిప్రాయాలు ఎలా మారాయో చూశారు. భార్యను కొట్టడం తప్పు కాదనే మాట తగ్గింది. మగపిల్లాడే కావాలనే కోరిక తగ్గింది. సీరియళ్లు ఇంత పని చేయగలిగినప్పుడు, వ్యాపారం గురించి నేరుగా మాట్లాడే కార్యక్రమం వైఖరుల్ని తాకకుండా ఉంటుందని అనుకోవడానికి నాకు కారణం కనబడదు. ఎటువైపు తాకుతుందన్నదే ప్రశ్న.

చిన్న వ్యాపారాల రుణ దరఖాస్తులు చదవడం, అప్పు తీసుకోబోయేవాళ్లకు శిక్షణ తరగతుల్లో లెక్కలు చెప్పడం నా వృత్తి. ఈ మధ్య ప్రాజెక్టు రిపోర్టుల మొదటి పేజీలోనే వాల్యుయేషన్ అనే మాట కనిపిస్తోంది. షాపు అద్దె ఎంతో, కరెంటు బిల్లు ఎంతో రాయని రిపోర్టులోనూ అది ఉంటోంది. అయితే నా బల్ల మీదికి వచ్చే కాగితాలు చూసి నాకు కలిగే అభిప్రాయం సాక్ష్యం కింద లెక్కకు రాదు. దాన్ని పక్కన పెట్టి, కొలిచి చూసినవాళ్లు ఏం చెప్పారో చూద్దాం.

కొలత టాంజానియాలో జరిగింది. అక్కడ జాతీయ టీవీలో 'రుకా జూ' అనే కార్యక్రమం దాదాపు మూడు నెలలు వచ్చింది. చిన్న వ్యాపారాలు చేసుకునే యువతీయువకులు పోటీ పడటం, వాళ్లకు ఎదురయ్యే ఇబ్బందులు, నేర్చుకునే పాఠాలు అందులో సరుకు. యువతకు వ్యాపారం నేర్పించాలనే మంచి ఉద్దేశంతోనే దాన్ని తీశారు. నార్వే ఆర్థికవేత్తలు తమ సహచరులతో కలిసి, రెండు వేలకు పైగా సెకండరీ పాఠశాల విద్యార్థుల్ని తీసుకుని, చీటీలు వేసినట్టు విడదీసి, ఒక వర్గానికి ఆ కార్యక్రమం చూసేలా ప్రోత్సాహకం ఇచ్చారు. తర్వాత రెండు వర్గాలనూ ఏళ్ల తరబడి గమనించారు. ఫలితాలు 2020లో మేనేజ్‌మెంట్ సైన్స్ పత్రికలో అచ్చయ్యాయి.

చూసిన పిల్లల్లో, ముఖ్యంగా అమ్మాయిల్లో, వ్యాపారం మీద ఆసక్తి కాస్త పెరిగిన సూచన కనబడింది. కార్యక్రమం తీసినవాళ్లు కోరుకున్నది ఇదే. ఇక్కడితో ఆపి ఉంటే విజయగాథ రాసుకోవచ్చు. కానీ పరిశోధకులు సర్కారు రికార్డుల్లోంచి చదువు ఫలితాలు కూడా తీశారు. కార్యక్రమం చూసిన వర్గం చదువులో స్పష్టంగా వెనకబడింది. ఆ తర్వాత పై చదువుకు వెళ్లినవాళ్లూ ఆ వర్గంలో తక్కువే. పోనీ చదువు మానినవాళ్లు వ్యాపారంలోకి వచ్చారా అంటే, సొంత వ్యాపారాలు పెరిగాయని చెప్పడానికి ఆధారం పెద్దగా దొరకలేదు.

వ్యాపారాన్ని ఇష్టపడేలా చేయడం సులభం, చేయగలిగేలా చేయడం కష్టం అన్న సంగతి అందరికీ తెలిసిందే. ఇక్కడ కొత్త సంగతి వేరే ఉంది. మొదటిది సాధించి రెండోది సాధించకపోతే ఫలితం సున్నా దగ్గర ఆగదు, నష్టంలోకి పోతుంది. పదో తరగతి, ఇంటర్ వయసు పిల్లాడి దగ్గర ఉన్న పెట్టుబడి చదువు ఒక్కటే. ఆసక్తి పెరిగిందని వాడు దాన్ని తగ్గించుకున్నాడు, బదులుగా చేతికి ఏమీ రాలేదు. పరిశోధకులు మార్కులు చూడకుండా ఆసక్తి ప్రశ్నావళి మాత్రమే నింపించి ఉంటే ఈ నష్టం ఎవరి కంటా పడేది కాదు. ఈజిప్టులో 'ఎల్ మష్రూ' అనే ఇలాంటి కార్యక్రమం మీద చేసిన ప్రయోగంలో కూడా స్వయం ఉపాధి పెరగలేదు. బ్రిటన్‌లో యువత మీద చేసి 2014లో ప్రచురించిన మరో అధ్యయనం ఇంకో కోణం చూపింది. ఈ రకం కార్యక్రమాల ప్రభావం ఉన్నచోట, వ్యాపారం పట్ల ఉన్న వైఖరి నిర్ణయంగా మారే బలం పెరుగుతుంది. ఇష్టం ఉన్నవాడు ఇంకా గట్టిగా అటు మొగ్గుతాడు, ఇష్టం లేనివాడు ఇంకా గట్టిగా వెనక్కి పోతాడు. ఈ రెండు మొగ్గుల్లో దేనికీ నైపుణ్యం తోడు లేదు.

టాంజానియా పిల్లలు వేరు, మన పిల్లలు వేరు అనవచ్చు. ఒప్పుకుంటాను. కానీ తేడా మనకు అనుకూలంగా లేదు. అక్కడిది పాఠం చెప్పడానికి తీసిన కార్యక్రమం. మన దగ్గర నడిచేవి వినోదానికి తీసినవి. అమెరికా షార్క్ ట్యాంకులో ఒక్కో వ్యాపారితో గంట దాకా సాగే సంభాషణను కత్తిరించి పది నిమిషాలకు కుదిస్తారు. కత్తిరించినప్పుడు మిగిలేది కన్నీళ్లు, వాదన, బేరం. సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, డబ్బు ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది అన్న పొడి ప్రశ్నలు ముందు ఎగిరిపోతాయి. ఎడిటర్ను తప్పుపట్టలేం, ఆయన జీతం తీసుకునేది అందుకే.

ఆ పొడి ప్రశ్నల్లోనే వ్యాపారం ఉంది. మన ప్రాంతంలో ఎవరికైనా తెలిసిన పచ్చళ్ల వ్యాపారాన్నే తీసుకుందాం. కాయ ఏప్రిల్, మే నెలల్లో దొరుకుతుంది. మిర్చి అంతకు ముందే యార్డులోకి దిగుతుంది. మంచి రంగున్న కాయ అప్పుడే కొని కారం ఆడించుకోవాలి, ఆలస్యమైతే ధర మన చేతిలో ఉండదు. నువ్వుల నూనె, ఆవపిండి, ఉప్పు, కాయ కొట్టే మనుషుల కూలి, జాడీలు, సీసాలు, లేబుళ్లు అన్నీ ఆ రెండు మూడు నెలల్లోనే. లెక్క కోసం 10 లక్షలు అనుకుందాం. ఆ సరుకు ఏడాది పొడుగునా అమ్మితే 15 లక్షలు వస్తుందనుకుందాం. కాగితం మీద 5 లక్షల లాభం.

ఇప్పుడు డబ్బు కదలిక చూడండి. జూన్ నాటికి 10 లక్షలూ జాడీల్లోకి వెళ్లిపోయాయి. కిరాణా కొట్లు బిల్లు టు బిల్లు పద్ధతిలో ఇస్తాయి, అంటే ఈసారి సరుకు దించితే పోయినసారి డబ్బు చేతిలో పెడతారు. సూపర్‌మార్కెట్ అయితే రెండు మూడు నెలలు తిప్పుతుంది, అమ్ముడుపోని సీసాలు వెనక్కి పంపుతుంది. సంక్రాంతి దాకా గల్లాపెట్టెలో కనబడేది వచ్చిన అమ్మకాల్లో కొంత భాగమే. ఈలోగా ఇంటి ఖర్చు, ఇద్దరి జీతాలు అందులోంచే పోవాలి. మళ్లీ ఏప్రిల్ వచ్చేసరికి, వ్యాపారం బాగుంది కదా రెట్టింపు చేద్దామనుకుంటే 20 లక్షలు కావాలి. చేతిలో 12 లక్షలు ఉంటే గొప్ప. వ్యాపారం పెరిగే కొద్దీ చేతిలో డబ్బు తగ్గుతుందనే ఈ సంగతి అనుభవం ఉన్న ప్రతి వర్తకుడికీ తెలుసు. రొటేషన్ అంటారు దీన్ని. రొటేషన్ దెబ్బతిని మూతబడిన లాభాల వ్యాపారాలు ఏ ఊళ్లో లేవు?

తెర మీద ఈ పచ్చళ్ల మనిషి నిలబడితే ఏం జరుగుతుంది? కంపెనీలో 20 శాతం వాటా ఇచ్చి డబ్బు తీసుకుంటుంది. చప్పట్లు. అదే డబ్బు బ్యాంకు క్యాష్ క్రెడిట్ (సీసీ) లిమిట్‌గా 12 శాతం వడ్డీకి తెస్తే, సరుకు అమ్ముడవుతున్న కొద్దీ బాకీ తగ్గుతూ పోతుంది కాబట్టి ఏడాదికి సగటున 5 లక్షలే వాడినట్టు, వడ్డీ 60 వేలు. వాటా ఇచ్చినందుకు 5 లక్షల లాభంలో ఏటా లక్ష. లాభం 20 లక్షలకు పెరిగితే 4 లక్షలు. బాకీ తీరిపోతుంది, వాటా తీరదు. వాటాకు ఒక న్యాయమైన గుణం ఉంది, వ్యాపారం మునిగితే వాటాదారు వచ్చి ఇల్లు జప్తు చేయడు. మునిగే అవకాశం ఎక్కువగా ఉండి, నిలబడితే వందరెట్లు పెరిగే వ్యాపారానికి వాటా సరైన పద్ధతే. పచ్చళ్లకు, టైలరింగుకు, మెస్సుకు, పిండిమిల్లుకు అది ఖరీదైన పెట్టుబడి. ఈ తేడా చెప్పే ఎపిసోడ్ తీయడం కష్టం, ఎందుకంటే అందులో బేరం ఉండదు. బ్యాంకు మేనేజర్ స్టాక్ స్టేట్‌మెంట్ అడుగుతాడు, అంతే.

మొదటి సీజన్లో హైదరాబాద్‌కు చెందిన ఐస్ పాప్స్ కంపెనీ స్కిప్పీకి ఐదుగురు పెట్టుబడిదారులూ కలిసి 15 శాతానికి కోటి రూపాయలు ఇస్తామన్నారు. మనవాళ్లు సంతోషించారు, సంతోషించదగ్గదే. ఆ బేరం నుంచి లెక్క కడితే కంపెనీ విలువ 6 కోట్ల 67 లక్షలు. అది ఖాతాలో ఉన్న డబ్బు కాదు, అమ్మకం కాదు, లాభం కాదు. 15 శాతం కోటి అయితే నూరు శాతం ఎంత అని వేసిన గుణకారం. నా తరగతుల్లో కుర్రాళ్లు ఈ గుణకారం క్షణంలో చేస్తారు. నెలాఖరుకు చేతిలో ఎంత మిగులుతుందో వేయమంటే కాగితం ఖాళీగా వస్తుంది. ఒకసారి ఒకబ్బాయి, "సార్, ప్రాఫిట్ తర్వాత వస్తుంది కదా, ముందు స్కేల్" అన్నాడు. వాడు పెట్టబోయేది జిరాక్స్ షాపు.

స్కేల్ ముందు, లాభం తర్వాత అనే మాట ఎక్కడిదో అందరికీ తెలుసు. తీర్పు చెప్పే కుర్చీల్లో కూర్చున్నవాళ్ల కంపెనీల్లో కొన్ని నష్టాలు భరిస్తూ పెరిగాయి. బోట్ కంపెనీకి 2022-23లో 129 కోట్లు నష్టం. మామాఎర్త్ మాతృసంస్థ హోనాసాకు అదే ఏడాది 151 కోట్లు నష్టం, అందులో పెద్ద భాగం కొన్న కంపెనీ విలువను పుస్తకాల్లో తగ్గించి రాసుకోవడం వల్ల వచ్చింది. ఇందులో తప్పేమీ లేదు. వెనక నిలబడ్డ ఫండ్ ఆ నష్టాన్ని భరించడానికి ఒప్పుకుని డబ్బు పెట్టింది. నష్టాన్ని భరించేందుకు వెనక ఎవరూ లేనివాడు అదే పాఠం నేర్చుకోవడమే ప్రమాదం. ఇక పెట్టుబడిదారులు లోపలికి వచ్చాక కంపెనీ ఎవరిది అన్న ప్రశ్న తెర మీద రాదు. మొదటి సీజన్లో జనం నోళ్లలో బాగా నానిన పెట్టుబడిదారు అశ్నీర్ గ్రోవర్, సీజన్ ముగిసిన కొద్ది వారాలకే, తాను సహవ్యవస్థాపకుడిగా ఉన్న భారత్‌పే నుంచి బోర్డుతో వివాదం మధ్య 2022 మార్చి మొదట్లో రాజీనామా చేశారు. వివాదంలో ఎవరిది న్యాయమన్నది నా విషయం కాదు. వాటా, బోర్డు, ఓటు అనే మూడు సంగతులు చెప్పడానికి అంతకన్నా మంచి ఎపిసోడ్ ఉండదు.

తెర మీద కుదిరిన బేరాలు తర్వాత ఏమవుతాయో అమెరికాలో ఫోర్బ్స్ పత్రిక 2016లో ఆరా తీసింది. మొదటి ఏడు సీజన్లలో బేరం కుదిరిన 237 మందితో మాట్లాడితే, 43 శాతం మందికి ఆ బేరం అసలు జరగనే లేదు. ఇంకొందరికి షరతులు మారాయి. ఇందులో మోసం వెతకక్కర్లేదు. కాగితాలు పరిశీలించాక అంకెలు సరిపోకపోవచ్చు, టీవీలో కనబడ్డాక అమ్మకాలు పెరిగి వ్యాపారే వద్దనుకోవచ్చు. రింగ్ అనే డోర్‌బెల్ కంపెనీ స్థాపకుడు 2013లో అక్కడి నుంచి ఒట్టి చేతులతో వెళ్లి, 2018లో అమెజాన్‌కు వంద కోట్ల డాలర్లకు పైనే అమ్మాడు. అంటే తెర మీది అవును, కాదు అనే మాటలకు వ్యాపారం భవిష్యత్తుతో ఉన్న సంబంధం మనం అనుకునేదానికన్నా చాలా పలచన. కెనడాలో ఇలాంటిదే అయిన డ్రాగన్స్ డెన్ కార్యక్రమంలో 150 సంభాషణల్ని పరిశీలించిన మాక్స్‌వెల్ అనే పరిశోధకుడి బృందం 2011లో ఇంకో సంగతి రాసింది. పెట్టుబడిదారులు మొదట్లో అన్నీ తూకం వేసి చూడరు. ఏదో ఒక పెద్ద లోపం దొరికితే అక్కడే వదిలేస్తారు. వేల దరఖాస్తులు చూసేవాళ్లకు అది తెలివైన పద్ధతి. వంటింట్లోంచి చూసేవాళ్లకు మాత్రం వ్యాపారం మీద వచ్చిన తుదితీర్పులా వినిపిస్తుంది.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. 2014లో అమెరికా పరిశోధకులు ఒకే వ్యాపార ప్రతిపాదనను, ఒకే వీడియోను, ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో వినిపించారు. పెట్టుబడి పెట్టదగ్గదని మగ గొంతును ఎంచుకున్నవాళ్లు 68 శాతం. మాట మారలేదు, అంకె మారలేదు, గొంతే మారింది. నోటిమాట మీద డబ్బు ఇచ్చే పద్ధతిలో ఈ వివక్ష లోపలే ఉంది. ఆహా ఓటీటీలో 2023లో వచ్చిన 'నేను సూపర్ ఉమన్' కార్యక్రమం ఆడవాళ్లకే వేదిక ఇచ్చి ఆ పోలికను తప్పించింది, అది మంచిదే. అయితే మన రెండు రాష్ట్రాల్లో లక్షల మంది ఆడవాళ్లకు వ్యాపార పెట్టుబడి అందించింది వేదికలు కాదు. 1992లో నాబార్డ్ మొదలుపెట్టిన సంఘాల బ్యాంకు అనుసంధానం, డ్వాక్రా సంఘాలు. అక్కడ గొంతు ఎవరూ వినరు. పోయిన అప్పు వాయిదాలు సరిగ్గా కట్టారా, సంఘంలో పొదుపు నడుస్తోందా అని పుస్తకం చూస్తారు. ఈ పద్ధతికీ లోపాలు చాలా ఉన్నాయి, ఇంకోసారి రాస్తాను. పెట్టుబడి దొరికే దారి ఇదీ అని పిల్లలకు చూపించేటప్పుడు మాత్రం ఈ దారి బొమ్మలో లేకుండా పోతోంది.

దేశంలో వ్యాపారం చేసేవాళ్లు ఎవరో చూస్తే బొమ్మ ఎంత వంకరగా ఉందో తెలుస్తుంది. వ్యవసాయం కాని, కంపెనీగా నమోదు కాని సంస్థల్ని కేంద్ర గణాంక శాఖ ఏటా సర్వే చేస్తుంది. 2023-24లో అవి 7 కోట్ల 34 లక్షలు, వాటిలో పని చేసేవాళ్లు 12 కోట్ల పైమాట. వాటిలో ఎక్కువ భాగం జీతానికి మనిషిని పెట్టుకోనివే, ఇంటివాళ్లే నడిపేవి. ముద్ర పథకం కింద 2015 ఏప్రిల్ నుంచి పదేళ్లలో 52 కోట్లకు పైగా రుణాలు, 32 లక్షల కోట్లకు పైగా సొమ్ము ఇచ్చారు. సగటు రుణం 60 వేల పైచిలుకు. టీవీలో వినబడేది అర కోటి, కోటి. ఆ 60 వేల మనిషికి మిగతా పెట్టుబడి చీటీ పాట నుంచి, బావమరిది దగ్గర చేబదులు నుంచి, సరుకు ఇచ్చే డిస్ట్రిబ్యూటర్ అరువు నుంచి వస్తుంది. చిన్న సంస్థలకు పెద్దవాళ్ల దగ్గర నిలిచిపోయిన బాకీలు 10 లక్షల 70 వేల కోట్లు ఉంటాయని 2022లో వచ్చిన ఒక నివేదిక అంచనా వేసింది. 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం ఉంది. చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోనివ్వమని ఆ మధ్య కొత్త నిబంధనా తెచ్చారు. అయినా వసూళ్లే చిన్న వ్యాపారి మొదటి జబ్బు. డబ్బు ఇవ్వడానికి ఎదురు కూర్చున్నవాళ్లను చూపించే కార్యక్రమాలు వచ్చాయి. బాకీ ఎలా వసూలు చేయాలో చూపించేది రాలేదు.

ఓడిపోతే ఏమవుతుందన్నది నన్ను అన్నిటికన్నా కలవరపెడుతుంది. తెర మీద ఓటమి గౌరవంగా ఉంటుంది. ఐదుగురూ తప్పుకుంటున్నామంటారు, వెనక సంగీతం వస్తుంది, మనిషి నవ్వుతూ బయటికి నడుస్తాడు. మా జిల్లా కోర్టులో ఓటమి వేరుగా ఉంటుంది. ఇచ్చిన చెక్కు బౌన్సయితే సెక్షన్ 138 కింద కేసు, రెండేళ్ల దాకా జైలు శిక్షకు వీలుంది. 2016లో వచ్చిన దివాలా చట్టంలో మామూలు సొంతదారుల కోసం రాసిన భాగం ఇంకా అమలులోకి రాలేదు. కంపెనీలకు హామీ సంతకం పెట్టినవాళ్లకు మాత్రమే 2019 డిసెంబరు నుంచి వర్తిస్తోంది. కాబట్టి పత్తి వ్యాపారి అయినా, బట్టల షాపు యజమాని అయినా చేతులెత్తేస్తే 1920 నాటి చట్టం కింద ఐపీ పెట్టాల్సిందే. ఐపీ పెట్టిన ఇంటితో ఊరు ఎలా ఉంటుందో, ఆ ఇంటి పిల్ల పెళ్లి మాటలు ఎక్కడ ఆగుతాయో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ష్యూరిటీ సంతకం పెట్టిన మేనమామతో ఆ తర్వాత మాటలు ఉండవు. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం అక్కడ కొత్త సంస్థల్లో ఐదింట ఒకటి మొదటి ఏడాదే మూతబడుతుంది, ఐదేళ్లకు సగం మిగులుతాయి. అక్కడి దివాలా చట్టాలు మనిషికి మళ్లీ మొదలుపెట్టే వీలిస్తాయి. అక్కడి ధైర్యాన్ని తెచ్చుకుంటున్నాం. దానికి కింద పరిచిన వల తెచ్చుకోలేదు.

ఈ కార్యక్రమాలకు మంచి లేదని నేను అనడం లేదు. కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వద్దంటే ఇంట్లో ఏడుపులు వినిపించే చోట, కాస్త కూర్చుని వినేలా చేసినవి అవే. మార్జిన్, ఖర్చు, కస్టమర్ లాంటి మాటలు భోజనాల దగ్గరికి వచ్చాయి. గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన రేమండ్ బాయిల్, లీసా కెల్లీ బ్రిటన్ వ్యాపార కార్యక్రమాల మీద 2012లో పుస్తకమే రాశారు. ప్రేక్షకులు వట్టి అమాయకులు కారని, వినోదాన్ని వినోదంగా చూడగలరని వాళ్ల పరిశీలన. పెద్దవాళ్ల విషయంలో ఇది నిజమే కావచ్చు. నా ఆందోళన పదిహేను, పదహారేళ్ల పిల్లల గురించి, వాళ్లకు ఈ నమూనాను పాఠంగా మార్చి అందిస్తున్న సంస్థల గురించి.

అది ఇప్పటికే జరుగుతోంది. ఢిల్లీ ప్రభుత్వం 2021లో బిజినెస్ బ్లాస్టర్స్ పేరుతో 11, 12 తరగతుల పిల్లలకు తలా 2 వేల రూపాయల మూలధనం ఇచ్చి, ఎంపికైన జట్ల పోటీని ఆ నవంబరు 28 నుంచి టీవీలో చూపించింది. తర్వాత పంజాబ్ దాన్ని అందుకుంది. చూడటంతో ఆగకుండా చేతికి డబ్బిచ్చి అమ్మించడం టాంజానియా పద్ధతికన్నా ఒక మెట్టు మేలు. హైదరాబాద్‌లో 2015లో స్టార్టప్‌ల కోసం టీ-హబ్, 2018లో ఆడవాళ్ల కోసం వీ-హబ్ వచ్చాక రెండు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ పిచింగ్ పోటీలు మామూలైపోయాయి. ఐదు నిమిషాలు, పది స్లైడ్లు, ముందు వరుసలో ముగ్గురు జడ్జీలు, చివర్లో ఫ్లెక్సీ సైజు చెక్కు. ఆ పోటీల్లో కుర్చీలో కూర్చోమని నన్నూ పిలుస్తుంటారు. బాగా మాట్లాడినవాళ్లే గెలుస్తారు. సిద్ధపడి వచ్చినవాళ్లకే టీవీలో కూడా పెట్టుబడి ఎక్కువ దొరికిందని పొల్లాక్, ఆయన సహచరుల 2012 అధ్యయనం చెబుతుంది కాబట్టి నిర్వాహకులను తప్పుపట్టలేను, అసలు ఆటలో గెలిపించేదాన్నే వాళ్లు నేర్పిస్తున్నారు. ఆ ఆట ఆడేది వెయ్యిమందిలో ఒకరు. మిగతా 999 మందికి కావలసింది రోజువారీ చిట్టా రాయడం, ధర కట్టడం, అరువు ఎవరికి ఇవ్వకూడదో తెలుసుకోవడం.

ఇలాంటి కార్యక్రమాన్ని బడిలోకి, కాలేజీలోకి తెచ్చే ఏ శాఖనైనా నేను అడిగేది చిన్నది. అన్ని కాలేజీల్లో ఒకేసారి మొదలుపెట్టకండి. సగం కాలేజీల్లో ఈ ఏడాది, మిగతా సగంలో వచ్చే ఏడాది పెట్టండి. ఏ సగం ముందన్నది చీటీ వేసి తేల్చండి. ఎన్ని జట్లు పాల్గొన్నాయి, ఎన్ని ఆలోచనలు వచ్చాయి అని ఇప్పుడు రాసే నివేదికలోనే ఇంకో రెండు గడులు చేర్చండి. ఒకదాంట్లో ఆ రెండు వర్గాల పరీక్షా ఫలితాలు, ఎంతమంది డిగ్రీలో చేరారు అన్నది. రెండోదాంట్లో రెండేళ్ల తర్వాత ఎంతమంది పేరు మీద వ్యాపారం నడుస్తోంది అన్నది. మొదటి గడికి ఇంటర్ బోర్డు హాల్ టికెట్ నంబర్లు చాలు. రెండోదానికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ వివరాలతో మొదలుపెట్టి, నమోదు కానివాళ్లకు ఫోన్ చేసి అడిగితే సరిపోతుంది. ఖర్చు, చివరి రోజు సభకు వేసే షామియానా, భోజనాల ఖర్చును దాటదు.